మహారాజశ్రీ మూడు రోజుల పథ్యం గారికి

నమస్కరించి వ్రాయునది ఏమనగా, మధుమేహం రక్తపరీక్ష తేదీ ఖరారు కాగానే కాకరకాయలనూ జొన్నరొట్టెలనూ నానబెట్టిన మెంతులనూ వెంటబెట్టుకుని తమరు మా ఇళ్లకు విచ్చేయడం, పరగడుపు రక్తం ఇచ్చిన తరువాత చట్నీ అయినా లేని రెండు ఇడ్లీలతో మమ్మల్ని కూర్చోబెట్టడం, రెండో నమూనా కూడా ఇచ్చేసి మోచేతి మీది దూది తీయకముందే మిఠాయి దుకాణం దగ్గర సెలవు పుచ్చుకోవడం మాకు అలవాటైన వైభవమే.

ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను కొలిచే హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష తమ ప్రాభవాన్ని కొంత తగ్గించిన మాట నిజం. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కనుక, గడచిన రెండు మూడు నెలల చక్కెర భోగమంతా అందులో బయటపడుతుంది. అయితే తమకు అసలు అవమానం జరిగింది కణం లోపల. రక్తనాళాల లోపలి పొర కణాలను కేవలం 16 గంటలు అధిక గ్లూకోజ్‌లో ఉంచి, తరువాత ఆరు రోజులు మామూలు గ్లూకోజ్‌లో, అంటే తమ బసకు రెట్టింపు కాలం పథ్యంలో ఉంచినా, వాపును ప్రేరేపించే ఒక జన్యువు వద్ద ఏర్పడిన రసాయన గుర్తు చెరగలేదని 2008లో ఒక ప్రయోగం చూపించింది. డీఎన్‌ఏలోని అక్షరాలు మారలేదు; వాటిని ఎంత గట్టిగా చదవాలో చెప్పే గుర్తులు మారాయి.

అమెరికా, కెనడాలలో 1441 మంది టైప్ 1 మధుమేహ రోగులతో 1983 నుంచి 1993 వరకు జరిగిన అధ్యయనం ముగిశాక, చక్కెరను గట్టిగా అదుపులో ఉంచిన వర్గానికీ మామూలు చికిత్స పొందిన వర్గానికీ హెచ్‌బీఏ1సీ దాదాపు సమానమైనా, మునుపు చక్కెర ఎక్కువగా ఉన్నవారి కళ్లూ మూత్రపిండాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. వారి రక్తకణాల్లో డీఎన్‌ఏ మీది మిథైల్ అనే రసాయన గుర్తుల తేడాలు ఏళ్ల తరబడి నిలిచాయని 2016లో తేలింది. ఇక అధిక చక్కెర వల్ల వయసుకు ముందే ముసలివైన కణాల సంగతి చెప్పనక్కరలేదు: విభజన మానేస్తాయి, చావనూ చావవు, అరుగు మీద కూర్చుని వీధిలో తగవులు పెట్టే పెద్దమనుషుల్లా వాపు రేపే రసాయనాలు వదులుతూ పొరుగు కణాలను చెడగొడతాయి.

ఈ జ్ఞాపకశక్తి మంచినీ మరువదు. బ్రిటన్‌లో కొత్తగా టైప్ 2 మధుమేహం బయటపడినప్పటి నుంచే గట్టి నియంత్రణలో ఉన్నవారికి, అధ్యయనం ముగిసి, మామూలు చికిత్స పొందినవారితో హెచ్‌బీఏ1సీ తేడా పోయినా, పదేళ్ల తరువాత కూడా ఆ నియంత్రణ చేసిన మేలు నిలిచి ఉంది. కనుక తమరు వ్యాధి బయటపడిన నాడే సామానుతో సహా దిగి, తిరుగు ప్రయాణం మాట ఎత్తకుండా ఉండవలసిందిగా ప్రార్థన. వచ్చేటప్పుడు మందులనూ తోడు తెచ్చుకోండి; ఆ అధ్యయనాల్లో గట్టి నియంత్రణ తమ ఒక్కరి వల్ల సాధ్యమైనది కాదు.

ఇట్లు,
తమకు తరచూ ఆతిథ్యమిచ్చే ఒక మధుమేహి