‘తక్కువ’ గుర్తు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘తక్కువ’ గుర్తు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మా వాళ్లలో చాలామందికి తమరు తెలియదు. లెక్కల పుస్తకంలో అయిదు కంటే మూడు తక్కువ అని చెప్పడానికి మధ్యలో గీసే ఆ వంకర గీతే తమరు. అక్కడ తమరిని చూసి ఎవరూ భయపడరు. ఫిగర్ స్కేటింగ్ మార్కుల షీటులో మాత్రం తమరి హోదా వేరు. ఒక అమ్మాయి మంచు మీంచి ఎగిరి, గాల్లో మూడు చుట్లు తిరిగి దిగుతుంది. అందులో పావు చుట్టు కంటే ఎక్కువ మిగిలిపోయిందని టెక్నికల్ ప్యానెల్‌లో ఉన్న ముగ్గురిలో ఇద్దరికి అనిపిస్తే చాలు, ఆ జంప్ పక్కన తమరు వచ్చి కూర్చుంటారు. సరిగ్గా పావు దగ్గర ఆగితే తమరి తమ్ముడు ‘క్యూ’ వస్తాడు. సగమో అంతకు మించో మిగిలితే తమరే జంటగా దయచేస్తారు. అప్పుడిక ట్రిపుల్ కాస్తా డబుల్ కింద జమ.

జపాన్ మహిళల స్కేటింగ్‌ని ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లకి తమరు పిలవకపోయినా ప్రతి పెళ్లికీ వచ్చే బంధువు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

ముందు తమరు వచ్చే పద్ధతి గురించి చెప్పాలి. ప్రోగ్రాం అయిపోతుంది. అమ్మాయి నాలుగు వైపులా వంగి దండం పెట్టి, రింకు బయటికొచ్చి, బ్లేడ్లకి గార్డులు తొడుక్కుని, మార్కుల కోసం ఎదురుచూసే ‘కిస్ అండ్ క్రై’ బెంచీ మీద కోచ్ పక్కన కూలబడుతుంది. చేతిలో టిష్యూలు, ఒళ్లో ఎవరో విసిరిన బొమ్మ. టీవీ తెర మూలన చిన్న చిన్న గళ్లు వరసగా ఉంటాయి, చేసిన ఒక్కో అంశానికి ఒకటి. కుదిరినవి పచ్చ, చెడినవి ఎరుపు, ఇంకా రీప్లే చూస్తున్నవి పసుపు. ఆ పసుపు గడి ఉన్నంతసేపూ కోచ్ నవ్వుతూ ఏదో చెబుతూనే ఉంటుంది, కళ్లు మాత్రం మానిటర్ వదలవు. అమ్మాయి నీళ్ల సీసా మూత తీస్తుంది, తాగకుండానే మళ్లీ పెట్టేస్తుంది. పసుపు పోతుంది. దాంతోపాటు పక్కనున్న అంకె కూడా నాలుగైదు మెట్లు కిందికి దిగుతుంది. ఎందుకు దిగిందో ఆ క్షణంలో ఎవరూ చెప్పరు. కాసేపటికి షీటు పీడీఎఫ్ వస్తే, అందులో తమరు కాలు మీద కాలు వేసుకుని కనిపిస్తారు.

తమరి రాకకి అయ్యే ఖర్చు ఎంతో లెక్క చూద్దాం. ఈనాటి పట్టిక ప్రకారం ట్రిపుల్ ఏక్సెల్, అంటే ముందుకు చూస్తూ ఎగిరి మూడున్నర చుట్లు తిరిగే జంప్, బేస్ వాల్యూ (కట్టిన అసలు ధర) 8.0. శుభ్రంగా దిగి, జడ్జీలు సగటున ప్లస్ 2 ఇచ్చారనుకుందాం, 9.6 వస్తుంది. అదే జంప్ మీద తమరు కూర్చుంటే బేస్ వాల్యూలో 80 శాతమే, అంటే 6.4. చుట్టు తగ్గింది కాబట్టి జడ్జీలు కూడా మైనస్ 2కో 3కో వెళ్లారనుకుందాం. చివరికి చేతికొచ్చేది 4.8 దగ్గర. పడిపోలేదు, చెయ్యి ఆనలేదు, సరిగ్గా సగం పోయింది. హాల్లో కూర్చున్న జనానికి తేడా కనిపించదు. అప్పటిదాకా వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు పాపం.

ఇప్పుడు తమరు చాలా మెత్తబడ్డారని కూడా ఒప్పుకోవాలి. జపాన్ స్కేటర్ మావో అసాదా వాంకూవర్ ఒలింపిక్స్‌కి వెళ్లిన 2010 నాటికి తమరికి మధ్యే మార్గం అంటే ఏమిటో తెలియదు. ట్రిపుల్ ఏక్సెల్‌కి అప్పుడు 8.2. పావు దాటి తగ్గిందో, డబుల్ ఏక్సెల్ ధర 3.5 ఇచ్చి పంపేవారు. పైగా జడ్జీలు మైనస్‌లు అదనంగా వడ్డించేవారు. ఆ రోజుల్లో ట్రిపుల్‌కి ప్రయత్నించి కొంచెం తగ్గడం కంటే, అసలు ప్రయత్నించకుండా డబుల్ చేసి నవ్వుతూ వెళ్లిపోవడమే లాభసాటి బేరం. ఆ పట్టిక చూసి కూడా ట్రిపుల్ ఏక్సెల్‌కే వెళ్లిన పిల్ల అసాదా. వాంకూవర్‌లో పోటీ మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రాంలో ఒకటి, రెండో భాగమైన ఫ్రీ స్కేటింగ్‌లో రెండు, మొత్తం మూడు దింపింది. మూడింటికీ తమరు నోరెత్తలేదు. గిన్నిస్ వాళ్లు కూడా రాసుకున్నారు. ఫలితం 205.50తో వెండి. ట్రిపుల్ ఏక్సెల్ ఒక్కటి కూడా చేయని కొరియా అమ్మాయి కిమ్ యు-నాకి 228.56తో బంగారం. కిమ్ ఆ రాత్రి చేసింది అపురూపం, అందులో గొడవ లేదు. ఫ్రీలో అసాదా టో లూప్ జంప్ ఒకటి ట్రిపుల్ కావాల్సింది సింగిల్ అయిపోయిన మాట కూడా నిజమే. కానీ ఆ 23 మార్కుల్లో జంపుల వాటా ఎంత, జడ్జీల మనసు వాటా ఎంత అని జపాన్‌లో ఎందరు పీడీఎఫ్‌లు ముందేసుకుని తలలు బద్దలు కొట్టుకున్నారో తమరికి తెలియనిది కాదు. ఆ సీజన్ అయ్యాకే తమరికి 70 శాతం అనే దయ పుట్టింది. తర్వాత 75, ఇప్పుడు 80. పెళ్లయ్యాక మంగళవాద్యాలు వచ్చాయి.

అసలు బాధ తమరితో కాదు. తమరు చిల్లర దగ్గర గట్టి మనిషి, అంతే. బాధల్లా తమరిని చూపించి వ్యాపారం చేసేవాళ్లతో.

మా ఊళ్లలో బంగారం కొట్టుకి వెళ్తే గాజు పెట్టెలో ఉన్న తూకం చూపిస్తారు. ఫ్యాను గాలి కూడా తగలకూడదట. మిల్లీగ్రాము దాకా అంకె మెరుస్తుంటుంది. అబ్బ, ఎంత నిజాయితీ అని మనం మురిసిపోతుంటే, యజమాని కుర్చీలో వెనక్కి వాలి ‘తరుగు ఇంత, మజూరీ ఇంత’ అని నోటితో అనేస్తాడు. ఆ గాజు పెట్టె తమరు. ఆ నోటిమాట పేరు కాంపోనెంట్స్, అంటే జంపుల లెక్కతో పని లేకుండా స్కేటింగ్ తీరుకి వేసే మార్కులు.

2022-23 సీజన్ నుంచి అవి మూడు: కంపోజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్. ఒక్కోదానికి పదికి ఇన్ని అని, పావు మార్కు మెట్లలో, తొమ్మిది మంది జడ్జీలు వేస్తారు. పై అంకె ఒకటి, కింది అంకె ఒకటి తీసేసి సగటు కడతారు. మహిళల ఫ్రీ స్కేటింగ్‌లో దాన్ని 2.67తో గుణిస్తారు. అంటే జడ్జీలు మూడింటిలోనూ సగటున ఒక్కొక్క మార్కు ఎక్కువ వేస్తే 8.01. ట్రిపుల్ ఏక్సెల్ బేస్ వాల్యూ కంటే ఒక పైసా ఎక్కువే! ఒక పిల్ల ఏళ్ల తరబడి తెల్లవారుజామున లేచి, మోకాళ్లు పగలగొట్టుకుని సంపాదించే ట్రిపుల్ ఏక్సెల్‌ని, కుర్చీలో కూర్చున్నవాళ్లు వేలి కొసతో ఇచ్చేయగలరు. తీసేయనూగలరు. దానికి పసుపు గడి లేదు, రీప్లే లేదు, ఎనిమిదిన్నర ఎందుకు, తొమ్మిదిన్నర ఎందుకు కాదు అని అడిగే నాథుడు లేడు. పావు చుట్టుకి ముగ్గురు మనుషులు, స్లో మోషన్. నాలుగు నిమిషాల స్కేటింగ్‌కి మాత్రం ఒక అంకె, అది కూడా చివరి గ్రూపులో వచ్చేవాళ్లకి ఒకలా, పొద్దున్నే మొదటి గ్రూపులో దిగేవాళ్లకి మరోలా ఉన్నట్టు చూసేవాళ్లకి అనిపిస్తుంటుంది.

పూర్వం అంతా ఇలాగే అయినా కనీసం ఒప్పుకునేవారు. ఆరుకి ఇన్ని అని మార్కులు వేసే 6.0 కాలంలో అది అభిప్రాయమని అందరికీ తెలుసు. ఆ కాలంలోనే కంపల్సరీ ఫిగర్స్ అని ఒకటుండేది. స్కేటర్ మంచు మీద సున్నాలు గీయడం, జడ్జీలు నడుములు వంచి ఆ గీతలు పరీక్షించడం. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో మొత్తం మార్కుల్లో ఆ సున్నాలకి 30 శాతం వాటా. నగోయా నుంచి వచ్చిన మిదోరి ఇతో వాటిలో పదో స్థానంలో ఆగిపోయింది. తర్వాత ఫ్రీలో ఏడు ట్రిపుల్స్ దింపి హాలంతా ఊపేసినా అయిదో స్థానమే దక్కింది. మరుసటి ఏడాది పారిస్‌లో ట్రిపుల్ ఏక్సెల్‌తో సహా దిగి, ప్రపంచ ఛాంపియన్ అయిన తొలి ఆసియా మహిళ అనిపించుకుంది. సున్నాల పోటీని 1990 తర్వాత ఎత్తేశారు. ఇక 2002 సాల్ట్ లేక్‌లో జంటల పోటీ తీర్పు రచ్చకెక్కడంతో 6.0 కూడా పోయి, తమరి రాజ్యం వచ్చింది. అభిప్రాయాలకి కాలం చెల్లింది, ఇక అన్నీ కొలతలే అన్నారు. కొలతలు వచ్చాయి, సరే. ఏ జడ్జి ఏ మార్కు వేశారో మాత్రం 2016 దాకా బయటపెట్టలేదు.

తమరి చేతిలో ఎక్కువ నలిగింది మాత్రం సతోకో మియాహారా అని నా లెక్క. నూట యాభై సెంటీమీటర్లు దాటీ దాటని మనిషి. జంప్ ఎత్తు తక్కువ, తిరగడం వేగం. ఆమె చేతుల కదలిక, స్పిన్‌లో ఆ నిలకడ చూస్తే సంగీతానికి ఒళ్లు ఉంటే ఇలాగే ఉంటుందనిపించేది. 2018 ప్యోంగ్‌ఛాంగ్‌లో రెండు ప్రోగ్రాంలూ చక్కగా చేసి 222.38తో నాలుగో స్థానంలో ఆగింది. ఆ తర్వాత సీజన్లలో ఆమె షీటు తెరిస్తే తమరి కుటుంబం మొత్తం వరసగా కూర్చుని ఉండేది. ఇరవై దాటాక టొరంటో వెళ్లి జంపులు మళ్లీ దిద్దుకోవాలని చూసింది. తగ్గిన చుట్టుకి మార్కు తగ్గించడం న్యాయమే, నేను కాదనను. కానీ చాలా పోటీల్లో ప్యానెల్‌కి దొరికేది ఒక్క కెమెరా. కెమెరా ముందు దిగిన జంప్‌లో బ్లేడు వెంట్రుకవాసి తేడా కూడా కనిపిస్తుంది. అవతలి మూలన దిగితే వీపే కనిపిస్తుంది. అనుమానం వస్తే స్కేటర్ పక్షమే వహించాలని రూల్స్‌లో రాసి ఉంది. తమరికి అనుమానం ఎంత అరుదుగా వస్తుందో చూస్తుంటే ముచ్చటేస్తుంది.

ఇక కవోరి సకమోతో. కోబె పిల్ల. ట్రిపుల్ ఏక్సెల్ లేదు, నాలుగు చుట్ల క్వాడ్ లేదు. అదే ఈ లేఖలో అసలు తమాషా. డబుల్ ఏక్సెల్ చేస్తే రింకు సగం దాటి దిగినట్టుండేది, ఆ వేగం దిగాక కూడా తగ్గేది కాదు. 2022 బీజింగ్‌లో కాంస్యం, తర్వాత 2022, 2023, 2024 వరసగా మూడు ప్రపంచ టైటిళ్లు. అరవైల నాటి అమెరికా స్కేటర్ పెగ్గీ ఫ్లెమింగ్ తర్వాత మహిళల్లో ఎవరూ చేయని పని. అదే బీజింగ్‌లో వకాబా హిగుచి రెండు ప్రోగ్రాముల్లోనూ ట్రిపుల్ ఏక్సెల్ దింపి అయిదో స్థానంతో ఇంటికెళ్లింది. సకమోతోకి పడిన ప్రతి కాంపోనెంట్ మార్కూ నా దృష్టిలో న్యాయమే. ఆమె లుట్జ్ అనే జంప్ మీద, బ్లేడు ఏ అంచు మీంచి ఎగిరారో చూసే తమరి చుట్టాలైన ఎడ్జ్ శాఖ వారు చాలాసార్లు గుర్తు పెట్టారు, అదీ న్యాయమే. కానీ వాంకూవర్‌లో కాంపోనెంట్స్‌ని బూతులు తిట్టిన అభిమానులే 2022 ప్రపంచ పోటీలు జరిగిన మాంట్‌పెల్లియేలో అదే కాంపోనెంట్స్‌కి హారతి పట్టారు. మన అమ్మాయికి ఎక్కువ పడితే కళ, అవతలి అమ్మాయికి పడితే కుట్ర. పీడీఎఫ్ చదవడం వచ్చినంత మాత్రాన బుద్ధి మారుతుందా?

ఇంతకీ మనవి చేసేదేమిటంటే, తమరు పక్కకి తప్పుకోవాలని నేను అడగను. తప్పుకుంటే రేపు ప్రతివాళ్లూ మూడు చుట్లకి రెండున్నర తిరిగి నవ్వుతారు. తమరి ఆఫీసులో చెప్పి ఇంకో మూలన ఇంకో కెమెరా పెట్టించండి చాలు. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్‌కి అది మోయలేని భారమేమీ కాదు. తమరు కూర్చున్న ప్రతి జంప్‌కీ ప్యానెల్ చూసిన రీప్లేని పెద్ద తెర మీద జనానికి కూడా వేయించండి. అలాగే, వీలుంటే, పక్క గదిలో మజూరీ చెప్పేవారి చేత కూడా ఒక్కో అంకెకి ఒక్క వాక్యం కారణం రాయించండి. వాళ్లు తమరి మాట వింటారని నాకు నమ్మకం లేదు, అయినా అడగడంలో తప్పు లేదు కదా.

కాస్త తొందరగా చేస్తే మంచిది. మావో షిమాదా అని ఒక అమ్మాయి ఉంది. అసాదా పేరే పెట్టారు ఆమెకి. అసాదా వయసు చాలక 2006 తొరీనోకి వెళ్లలేకపోయింది, అప్పుడు పదిహేను దాటాలన్నారు. షిమాదా వయసు చాలక 2026 మిలాన్‌కి వెళ్లలేకపోయింది, ఇప్పుడు పదిహేడు అన్నారు. అది తమరి శాఖ కాదు, తెలుసు. కానీ 2026-27 నుంచి ఆమెకి సీనియర్స్‌లో దిగే వయసు వస్తోంది. ట్రిపుల్ ఏక్సెల్, క్వాడ్ టో లూప్ రెండూ ఆమె చేతిలో ఉన్నాయి. తమరు కూడా ఇప్పటికే ఎక్కడ కూర్చోవాలో చూసి పెట్టుకునే ఉంటారు. అది అవతలి మూల మాత్రం కాకుండా చూసుకోండి.

ఇట్లు,
తమరి రాక కోసం కాక, పీడీఎఫ్ రాక కోసం మేలుకుని ఉండే
ఒక ప్రేక్షక విధేయుడు