సన్యాసి సంతకం అక్కర్లేదట, పరారైనవాడిది మాత్రం కావాలట!

భర్త కాషాయం కట్టి సంసారం వదిలేశాడనుకోండి. బిడ్డను దత్తత ఇవ్వడానికి తల్లికి అతని సమ్మతి అవసరం లేదు. మతం మారాడనుకోండి, అప్పుడూ అక్కర్లేదు. మతిస్థిమితం లేదని కోర్టు తేల్చినా అంతే. అదే భర్త ఓ రోజు పొద్దున్నే బ్యాగు సర్దుకుని పోయి, ఆరేళ్లుగా ఫోను లేదు, పైసా లేదు, బిడ్డ ఏ తరగతిలో ఉందో కూడా తెలియదు అంటే? అతని సమ్మతి కావాల్సిందే. ఇది ఏ గుమాస్తానో పెట్టిన మెలిక కాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం తొమ్మిదో సెక్షన్‌లో అచ్చయి ఉన్న సంగతి. లోకాన్ని త్యజించిన వాడి మాట చెల్లదు గానీ, బిడ్డను త్యజించిన వాడి మాట చెల్లుతుంది.

విశాఖలో ఇలాంటి ఇళ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఓడెక్కి పోయినవాళ్లు, గల్ఫ్‌కు పోయినవాళ్లు, ఏ ఊరూ పోకుండానే పక్క ఊళ్లో ఇంకో కాపురం పెట్టినవాళ్లు. అలాంటి తల్లులు లాయరు దగ్గరకు వెళ్లి ‘తండ్రి హక్కులు రద్దు చేయించండి’ అని అడుగుతారు. ఆ మాట అమెరికా నుంచి వచ్చింది. అక్కడి రాష్ట్రాల చట్టాల్లో అందుకోసం ప్రత్యేకంగా పిటిషనే ఉంది, బిడ్డను విడిచిపెట్టడం దానికి ఒక కారణం. మన దగ్గర ఆ పేరుతో పిటిషన్ లేదు. ఉన్నవి రెండు దారులు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద తల్లిని గార్డియన్‌గా ప్రకటించమనడం ఒకటి, తండ్రితో బంధాన్ని చట్టపరంగా తెంపేసే దత్తత రెండోది. మొదటి దాంట్లో తండ్రి హక్కు పక్కకు జరుగుతుంది, చావదు. రెండో దాంట్లో పోతుంది, కానీ ఆ తలుపు తాళం అతని జేబులోనే ఉంది.

పోనీ ఏడేళ్లు ఆగుదామా? సహజంగా కబురు అందాల్సిన వాళ్లకు కూడా ఏడేళ్లపాటు కబురు లేకపోతే మనిషి లేడని భావించవచ్చు. పాత సాక్ష్య చట్టంలో 108, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 111వ సెక్షన్ అది. ఆ భావన దానంతటదే కాగితం మీదకు రాదు, సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేసి తెచ్చుకోవాలి. ఇక లెక్క వేయండి. తండ్రి పోయేనాటికి పాపకు 8 ఏళ్లు. ఏడేళ్లు ఆగితే 15. దావా తేలేందుకు పట్టే కాలం దానికి అదనం. దత్తత చట్టం పదో సెక్షన్ ఏమంటుంది? ఆచారం ఉంటే తప్ప 15 ఏళ్లు నిండిన బిడ్డను దత్తత తీసుకోకూడదు. తలుపు తెరుచుకునే రోజుకి గుమ్మమే ఉండదన్నమాట. పైగా ఆ మహానుభావుడు ఏడాదికోసారి తన తల్లికి ఫోను చేసి ‘బాగున్నా’ అంటే చాలు, ఆ ఏడేళ్ల లెక్క చెల్లదు.

ఇక్కడ చట్టం లోపల ఉన్న అసలు వింత చూడాలి. ‘విడిచిపెట్టిన’ అనే మాట దత్తత చట్టానికి తెలియనిది కాదు. అదే తొమ్మిదో సెక్షన్ నాలుగో ఉపవిభాగంలో ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డను విడిచిపెడితే, ఆ బిడ్డను చూసుకునే గార్డియన్ కోర్టు ముందస్తు అనుమతితో దత్తత ఇవ్వొచ్చు. తండ్రి సమ్మతి ప్రసక్తే లేదు. అంటే తల్లి కూడా బిడ్డను వదిలేసి పోతే దారి సుగమం. ఉండి, ఉద్యోగం చేసి, ఫీజులు కట్టి, జ్వరమొస్తే కేజీహెచ్‌కు పరుగెత్తిన తల్లికి మాత్రం దారి బంద్. 2010లో పార్లమెంటు ఇదే సెక్షన్‌ను విప్పి సవరించింది. అప్పటిదాకా దత్తత ఇచ్చే హక్కు ప్రధానంగా తండ్రిదే. తల్లికీ సమాన హక్కు ఇచ్చారు, మంచిదే. దానికి రెండోవారి సమ్మతి అనే ముడి వేశారు, అదీ అర్థం చేసుకోవచ్చు. ఆ ముడికి మినహాయింపులు రాసేటప్పుడు సన్యాసి గుర్తొచ్చాడు గానీ పరారీ గుర్తు రాలేదు! సన్యాసం పుచ్చుకునే భర్తలు ఎంతమంది, చెప్పకుండా పోయే భర్తలు ఎంతమంది?

ఈ ముడి విప్పలేక జనం దొడ్డిదారి వెతుక్కుంటారు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటుంది, కొత్త భర్త మంచివాడు, బిడ్డకు తన ఇంటిపేరు ఇస్తానంటాడు. నేరుగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి దత్తత పత్రం రిజిస్టర్ చేయించేస్తారు. పత్రంలో ఇచ్చేవారు, తీసుకునేవారు సంతకాలు పెడితే రిజిస్టర్ అయిపోతుంది. తండ్రి సమ్మతి ఉందో లేదో తేల్చడం ఆ ఆఫీసు పని కాదు. స్టాంపు చూసి అందరూ నిశ్చింతగా ఉంటారు. రిజిస్టరైన పత్రం ఉంటే దత్తత సరిగా జరిగినట్టు కోర్టు భావిస్తుంది నిజమే, కానీ అది కాదని రుజువు చేసే అవకాశం అవతలివాళ్లకు ఉంటుంది. చట్టం చెప్పిన షరతు తప్పిన దత్తత ఆ దత్తత చట్టం ఐదో సెక్షన్ ప్రకారమే చెల్లదు. ఆ సంగతి ఇరవై ఏళ్ల తర్వాత, మారుతండ్రి పోయి, అతని అన్నదమ్ములు ఆస్తి పంపకాలకు కూర్చున్నప్పుడు బయటపడుతుంది. ఇంకో రెండు షరతులూ చాలామంది చూడరు. ఆడపిల్లను మగవాడు దత్తత తీసుకుంటే ఇద్దరి మధ్య కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. అతనికి అప్పటికే కూతురు ఉండకూడదు. ఇరవై ఆరేళ్లతను ఏడేళ్ల పాపను దత్తత తీసుకుంటే ఆ కాగితం రిజిస్టరైన రోజే చిత్తుకాగితం.

బాలల న్యాయ చట్టం కింద మారుతండ్రి దత్తతకు ఇంకో మార్గం ఉంది. కేంద్ర దత్తత సంస్థ నడిపే కేరింగ్స్ పోర్టల్‌లో నమోదు, జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా దరఖాస్తు, 2022 సెప్టెంబరు నుంచి కోర్టుకు బదులు కలెక్టరు ఉత్తర్వు. ఇది మతంతో పని లేనిది కాబట్టి క్రైస్తవ, ముస్లిం కుటుంబాలకూ వర్తిస్తుంది. ఇక్కడ కూడా కన్న తల్లిదండ్రుల సమ్మతి పత్రం నమూనాతో సహా సిద్ధంగా ఉంటుంది. ఎటు తిరిగినా ఆ సంతకమే.

ఎదుటి వాదన లేకపోలేదు. మొగుడి మీద కోపంతో తల్లులే పిల్లల్ని దాచేస్తారని, చిరునామా తెలిసీ తెలియదని రాస్తారని, ఎవరూ చదవని పేపర్లో ప్రకటన వేయించి తండ్రిని ‘అదృశ్యం’ చేస్తారని తండ్రుల తరఫువాళ్లు అంటారు. అలా జరిగిన కేసులు ఉంటాయి, కాదనను. దానికి విరుగుడు రుజువు గట్టిగా అడగడం. మినహాయింపే లేకుండా చేయడం కాదు. కనీసం రెండేళ్లు పోషణ లేదు, పలకరింపు లేదు అని కోర్టు విచారించి తేల్చాకే సమ్మతి అక్కర్లేదనండి. నెలనెలా డబ్బు పంపుతూ, బిడ్డను చూడనివ్వమని అడుగుతున్న తండ్రికి దీంతో వచ్చే నష్టమేమిటి?

చట్టం మారేదాకా తల్లికి పనికొచ్చేది గార్డియన్ ఓపీయే, అంటే తనను గార్డియన్‌గా ప్రకటించమని కోర్టులో వేసే పిటిషనే. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఒక పని చేసిపెట్టింది. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్‌లో సహజ సంరక్షకుడు తండ్రి, ‘అతని తర్వాత’ తల్లి అని ఉంటుంది. ‘తర్వాత’ అంటే చనిపోయాక అని కాదు, అతను లేనప్పుడు అని చదవాలంది. దూరంగా ఉండటం, బిడ్డను అసలు పట్టించుకోకపోవడం కూడా ‘లేకపోవడం’ కిందకే వస్తాయి. ఓపీలో నిలబడాల్సింది ఈ మాట మీదే.

అయితే ‘లేడు’ అని నోటితో చెబితే సరిపోదు, కాగితం చెప్పాలి. ముందుగా బిడ్డ తరఫున మనోవర్తి కేసు వేయడం తెలివైన పని. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 125. డబ్బు వస్తుందన్న ఆశతో కాదు. అందులో తిరిగొచ్చే ప్రతి సమను మీద అమీనా (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) రాసే రెండు ముక్కలు, ‘ఇల్లు ఖాళీ చేసి వెళ్లినారు, ప్రస్తుత ఆచూకీ తెలియదని ఇరుగుపొరుగు చెప్పినారు’ అన్నవి, రేపు ఓపీలో సాక్ష్యం. తపాలాలో పంపిన నోటీసు కవరు తిరిగొస్తే విప్పకూడదు. పోస్ట్‌మన్ రాసిన గీతలతో, ముద్రతో, సీలు చెక్కుచెదరకుండా కోర్టుకు ఇవ్వాలి. కుతూహలం కొద్దీ కవరు చించి, లోపలి కాగితం మాత్రం దాచుకునేవాళ్లు ఎంతోమంది. ఇవి కాక, తల్లి ఖాతా నుంచి పోయిన స్కూలు ఫీజుల రసీదులు, ఆసుపత్రి బిల్లులు, టీకా కార్డు, సంవత్సరాల వారీగా పేర్చి పెట్టుకోవాలి.

ఓపీ ఎక్కడ వేయాలన్నది బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటోందన్న దాని మీద ఆధారపడుతుంది, తల్లి ఉద్యోగం చేసే చోటు మీద కాదు. తల్లి గాజువాకలో పనిచేస్తూ బిడ్డను అనకాపల్లిలో అమ్మమ్మ దగ్గర ఉంచి చదివిస్తుంటే, విశాఖలో వేసిన ఓపీని విచారించే పరిధి (జురిస్‌డిక్షన్) ఆ కోర్టుకు లేదని అభ్యంతరం వస్తుంది. నోటీసుకు బత్తా, అంటే దాన్ని పంపే ఖర్చు, వాయిదాకు ముందే కట్టాలి. అది కట్టక డిస్మిసైన ఓపీల పాపం తండ్రులది కాదు. సమన్లు అందకపోతే పేపర్ ప్రకటనకు వేరే ఐఏ (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) వేయాలి. ప్రకటన అతను చివరిగా ఉన్న ప్రాంతంలో చదివే పత్రికలో రావాలి. శ్రీకాకుళం మనిషికి విశాఖ సిటీ పేజీలో ప్రకటన వేయిస్తే తర్వాత తలనొప్పి.

ఆ తలనొప్పి ఏమిటో విడమరచి చెప్పాలి, ఎందుకంటే గెలిచాక ఓడిపోయేది ఇక్కడే. తండ్రి రాలేదు, అతను లేకుండానే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు వచ్చింది. దాన్ని కొట్టేయమని అడగడానికి అతనికి 30 రోజులు ఉంటాయి. సమన్లు చేతికి అందినవాడికి ఆ 30 రోజులు ఉత్తర్వు తేదీ నుంచి. పేపర్ ప్రకటన ద్వారా ‘అందిన’ వాడికైతే ఉత్తర్వు సంగతి తెలిసిన రోజు నుంచి. కాలపరిమితి చట్టం 123వ అధికరణం పేపర్ ప్రకటనను సరైన అందజేతగా లెక్కించదు. నాలుగేళ్ల తర్వాత వచ్చి ‘నిన్ననే తెలిసింది’ అనొచ్చు. అందుకే ప్రకటనతో ఆగకుండా అతని తల్లిదండ్రుల చిరునామాకు, చివరి ఉద్యోగ చిరునామాకు కూడా నోటీసులు పంపాలి, కోర్టు ఒప్పుకుంటే వాట్సాప్‌లో కూడా. రెండు నీలం టిక్కులు పడిన స్క్రీన్‌షాట్ కోర్టు ముందుంటే, అతను ‘నాకు తెలియదు’ అన్నా నిలవడం కష్టం.

ఓపీలో ఏం కోరాలన్నదీ ముఖ్యమే. ‘గార్డియన్‌గా ప్రకటించండి’ అని ఒక్క లైను రాసి వదిలేస్తే, గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 26వ సెక్షన్ కాలికి అడ్డం పడుతుంది. కోర్టు ప్రకటించిన గార్డియన్, ఆ కోర్టు అనుమతి లేకుండా బిడ్డను దాని పరిధి దాటించకూడదు. రేపు హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే మళ్లీ పిటిషన్. కాబట్టి పరిధి దాటి నివసించడానికి, చదివించడానికి, పాస్‌పోర్టు తీసుకోవడానికి, విదేశం తీసుకెళ్లడానికి అనుమతి అదే ఓపీలో విడివిడిగా అడగాలి. లాయరు ఫీజు భయంతో ఆగిపోయేవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం.

గార్డియన్ దారిలో బంధం తెగదు కాబట్టి, బిడ్డకు తండ్రి ఆస్తిలో వాటా, మనోవర్తి హక్కు చెక్కుచెదరవు. దత్తతతో ఇకపై వచ్చే వారసత్వం పోతుంది, అప్పటికే సంక్రమించినది మాత్రం ఉంటుంది. తాతగారి భూములున్న ఇళ్లలో తెంపడానికి తొందరపడే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఇంతా చేసి ఉత్తర్వు చేత పట్టుకుని ఆఫీసులకు వెళితే? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు ఉంటుంది. నిజానికి సగం తల్లులకు కోర్టు మెట్లే అక్కర్లేదు, ఫారంలో ‘తండ్రి సంతకం’ అనే గడి లేకపోతే. కేంద్రం ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టుకు ఒక్క తల్లి లేదా తండ్రి పేరు చాలన్నారు. మర్రిపాలెం పాస్‌పోర్టు కేంద్రానికి వెళ్లే తల్లి ఇద్దరి సంతకాలుండే అనెక్సర్ డి కాకుండా, ఒక్కరే పెట్టే అనెక్సర్ సి పట్టుకెళ్లాలి. 2018 డిసెంబరు నుంచి ఒంటరి తల్లి పిల్లల పాన్ కార్డుకు తండ్రి పేరు తప్పనిసరి కాదు. 2015లో పెళ్లికాని తల్లి కేసులో, తండ్రికి నోటీసే లేకుండా గార్డియన్‌షిప్ ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2022 జూలైలో ఓ తెలుగు కుటుంబం కేసులోనే, తండ్రి చనిపోయాక బిడ్డ ఇంటిపేరు నిర్ణయించేది తల్లేనని, రికార్డుల్లో ‘మారుతండ్రి’ అని రాయించమనడం క్రూరమని అదే కోర్టు మందలించింది.

మన రాష్ట్రం సంగతి చూడండి. 2020లో అమ్మ ఒడి డబ్బు ఎవరి ఖాతాలో వేశారు? తల్లి ఖాతాలో. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద బిడ్డకు 13 వేలు? అదీ తల్లి ఖాతాలోనే. రెండు పార్టీలూ పోటీపడి నమ్మింది తల్లినే, ఎందుకంటే ఆ డబ్బు తండ్రి చేతిలో పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అదే తల్లి బడిలో టీసీ అడిగితే, ఇంటిపేరు మార్చమంటే, ‘ఫాదర్‌ను తీసుకురండమ్మా’ అంటారు. డబ్బుకు పనికొచ్చిన సంతకం కాగితానికి పనికిరాదా? తొమ్మిదో సెక్షన్ సవరణకు పార్లమెంటు కావాలి, ఒప్పుకుంటాం. స్కూలు ప్రవేశం, టీసీ, రికార్డుల సవరణ ఫారాల్లో ‘తండ్రి’ గడి తీసేసి ‘తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకులు, ఎవరైనా ఒకరు’ అని రాయడానికి పాఠశాల విద్యాశాఖ నుంచి ఒక్క జీవో చాలు.