మా వీధికి ఒక సర్కారు కావాలి

టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన, ప్లేనోలో ఉంది మా వీధి. 1980లలో కట్టిన ఇటుక ఇళ్లు, వెనక సందులోకి తెరుచుకునే గ్యారేజీలు, నీడనిచ్చే ఓక్ చెట్లు. లేనిదల్లా ఇంటి యజమానుల సంఘం. ఇక్కడందరూ దాన్ని హెచ్‌ఓఏ అంటారు. ఫ్రిస్కోలో కొత్త ఇళ్లు కొన్న మనవాళ్లకు అది ఇంటితోపాటే వచ్చింది. ఎవరి తలుపుకు ఏ రంగు వేయాలో చెప్పే నాథుడు లేక మేము మాత్రం నలభై ఏళ్లుగా అల్లాడుతున్నాం.

మొన్న శనివారం మా ఇంట్లోనే సమావేశం పెట్టాను. మొదటి వాయి మిరపకాయ బజ్జీలు అయ్యేలోపే వీధిలోని ఘోరాలన్నీ బయటపడ్డాయి. మూలింటాయన పడవను ఇంటి పక్కనే నిలుపుతాడు. ఎదురింటివాళ్లు క్రిస్మస్ దీపాలను మార్చి దాకా తీయరు. మా ఇంటి చూరుకు కట్టిన దీపాలు దీపావళి నుంచి ఉగాది దాకా వెలుగుతాయి గాని, అది సంస్కృతి.

నియమావళి ముసాయిదా నేనే రాశాను. ఇంటి ముందు కూరగాయలు పెంచరాదు; గోంగూర ఆకుకూర గనుక ఈ నియమం దానికి వర్తించదు. మామిడాకుల తోరణం సంగతేమిటని మా ఆవిడ కంగారుపడింది. గుమ్మం దగ్గర మతచిహ్నాలను ఇలాంటి సంఘాలు అడ్డుకోకుండా 2011 నాటి టెక్సస్ చట్టం 25 చదరపు అంగుళాల దాకానే హామీ ఇచ్చింది. అంటే ఇంచుమించు రెండు మామిడాకులు. 2021లో చట్టాన్ని సవరించి ఆ కొలత ఎత్తేశారు. తోరణానికి ఢోకా లేదని తెలిశాక ఎదుటివారి గుమ్మాలమీద నియమాలు రాయడానికి నాకు చేయి బాగా ఆడింది.

అడ్డుపుల్లలు వేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఫ్రిస్కోలో ఒక సైనికాధికారి ఇరాక్ యుద్ధానికి వెళ్తే, వెయ్యి డాలర్లయినా లేని సంఘం బకాయికి మూడు లక్షల డాలర్ల ఇంటిని 3,500కు వేలం వేశారని ఒకాయన గుర్తుచేశాడు. కోర్టుకెక్కితే గాని ఇల్లు తిరిగి రాలేదట. క్రమశిక్షణ అంటే అలా ఉండాలి అన్నాను. బజ్జీ నములుతున్నవారంతా ఒక్క క్షణం ఆగారు.

వకీలు చదువు చదివిన ఒకావిడ ఇంకా వెనక్కు వెళ్లింది. ఇంటి దస్తావేజులో షరతులు రాసి ఇరుగుపొరుగును కట్టడి చేయడం ఈ దేశంలో పాత విద్యేనట. నల్లవారికి, ఆసియావారికి ఇల్లు అమ్మరాదని రాసుకునేవారట. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో తేల్చిందట. ఆ రోజుల్లో ఈ వీధి ఉండి ఉంటే ఈ సమావేశం ఎవరింట్లో జరిగేదండీ అని అడిగింది. మా ముసాయిదా పడవల గురించే గాని మనుషుల గురించి కాదని సర్దిచెప్పాను.

అసలు చిక్కు వేరే ఉంది. ఎప్పుడో కొనుక్కున్న ఇంటిమీద ఇప్పుడు కొత్త షరతు పడాలంటే, మామూలుగా ఆ యజమానే ఒప్పుకుని సంతకం పెట్టాలి. అంటే ఏ పడవాయన కోసం సంఘం పెడుతున్నామో ఆ పడవాయన గడపే తొక్కాలి. ఇంత అన్యాయం ప్రజాస్వామ్యంలోనే సాధ్యం.

ఎన్నికల దగ్గర మాత్రం పేచీ రాలేదు. వచ్చినవాళ్లం ఎనిమిదిమందిమి, అధ్యక్ష పదవికి ఆరుగురం నిలబడ్డాం. కోశాధికారి పదవి ఖాళీగా ఉంది.

ఆదివారం కాగితం పట్టుకుని పక్కింటి పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఈ వీధిలో మొదటినుంచీ ఉన్న మనిషి. తన గడ్డి కోస్తూ కోస్తూ హద్దు మరచి మా వైపు గడ్డి కూడా సగం కోసేసి ఉన్నాడు. ఇలాంటి విచ్చలవిడితనానికి జరిమానా ఎంతో ముసాయిదాలో ఉంది. ఆయన చెమట తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, రెండు పేజీలూ చదివి, మడిచి నా చేతిలో పెట్టాడు. సంతకం మాట ఎత్తలేదు. కంచెమీదుగా తన వైపు వేలాడుతున్న మా సొరకాయను చూపించి, దీన్ని ఎలా వండుకోవాలి అని అడిగాడు.

శనగపప్పు వేసి వండుకోమని చెప్పి, కోసి ఇచ్చి, ఇంటికి వచ్చి ముసాయిదాలో ఇంకో నియమం చేర్చాను: కంచె దాటిన కాయ ఎవరిదో తేల్చే అధికారం అధ్యక్షుడిదే.