ఫ్లైఓవర్ పిల్లర్లకు రంగులు వేశారు, వాటి కింద పడుకునేవాళ్ల మాటేమిటి?

2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు కోసం హైదరాబాద్‌ను ముస్తాబు చేశారు. రోడ్లు బాగుచేశారు, గోడలకు రంగులు పూశారు. అదే నెలలో నగరంలో భిక్షాటనను నిషేధిస్తూ పోలీసుల ఉత్తర్వు వచ్చింది. సిగ్నళ్ల దగ్గర, గుళ్ల ముందు దొరికినవాళ్లను తీసుకెళ్లి, మగవాళ్లను చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆనందాశ్రమంలో, ఆడవాళ్లను చర్లపల్లిలో ఉంచారు. 2024 సెప్టెంబరులో రంగు మూసీ ఒడ్డుకూ వచ్చింది. ఇళ్ల గోడల మీద ఎర్రగా ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసి పోయారు (ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదీగర్భం). ఆ గుర్తు పడితే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందని బస్తీలకు తెలుసు.

ఈ నగరంలో పేదవాడి గోడ మీద ఏ రంగు పడాలో ఎప్పుడూ ఇంకెవరో నిర్ణయిస్తున్నారు. నేను అడిగేది ఒక్కటే. ఆ కుంచె, దాంతోపాటు పాట, వేషం, నిలువ నీడ లేనివాళ్ల చేతికి, మత్తు నుంచి బయటపడుతున్నవాళ్ల చేతికి రావాలి. ఏడాదికోసారి జరిగే కార్యక్రమంగా వద్దు. షెల్టర్‌లో అన్నం, దుప్పటి ఎలాగో ఇదీ అలాగే వారం వారం ఉండాలి.

తల దాచుకునే చోటే లేనివాళ్లకు బొమ్మలెందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పట్టణాల్లో ప్రతి లక్ష మందికి ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా, పగలూ రాత్రీ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 జనగణన నాటికే జీహెచ్‌ఎంసీ పరిధిలో 67 లక్షల పైచిలుకు జనం ఉన్నారు. అంటే ఆనాటి లెక్కకే 67 షెల్టర్లు కావాలి. నగరం ఆ సంఖ్యకు దరిదాపుల్లో లేదు. కాబట్టి ఇంటికి బదులుగా కళ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇల్లు ఇవ్వాల్సిందే, పడక ఇవ్వాల్సిందే. కానీ పడక ఇచ్చాక కూడా మనిషికి రోజు మొత్తం మిగిలే ఉంటుంది. అడ్డా మీద పని దొరకని రోజు, ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్ పని ఉండని మూఢాల నెలలు ఎలా గడుస్తాయో షెల్టర్లు నడిపేవాళ్లను అడిగితే చెబుతారు.

మత్తు మానాలనుకునేవాళ్లకు ఆ ఖాళీ మరీ ప్రమాదం. తెలంగాణలో కల్లు పేరుతో అమ్మేదాంట్లో చాలాచోట్ల ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్ర, మత్తు కలిగించే మందులు కలుపుతారు. తాగేవాడికి కల్లు అలవాటైందనిపిస్తుంది, నిజానికి ఒంటికి అలవాటైంది ఆ మందు. ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్, పొంతన లేని మాటలు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి అలాంటివాళ్లు ఎలా వచ్చారో నగరమంతా చూసింది. ఆసుపత్రి ఒంటిని కుదుటపరిచి పంపిస్తుంది. డిశ్చార్జి అయినవాడికి ఇల్లు లేకపోతే వెళ్లేది పాత ఫుట్‌పాత్‌కే, పాత దోస్తుల దగ్గరికే. సాయంత్రం ఆరు గంటలకు కాళ్లు వాటంతటవే కల్లు కాంపౌండ్ వైపు నడుస్తాయి. సరిగ్గా ఆ గంటకు ఇంకోచోట తన కోసం ఎవరో ఎదురుచూస్తుండాలి. డప్పు రిహార్సల్‌కు నువ్వు రాకపోతే దరువు కుదరదని చెప్పేవాళ్లు ఉండాలి. మందుబిళ్ల చేయలేని పని అది. మందుబిళ్ల మానేసి చేయాల్సిన పనీ కాదు.

ఇది కొత్త ఊహేం కాదు. బ్రెజిల్‌లో నీజీ ద సిల్వైరా అనే డాక్టరమ్మ, రోగులకు కరెంటు షాకులు పెట్టడానికి ఒప్పుకోక, 1946లో రియో మానసిక ఆసుపత్రిలో పెయింటింగ్ గది తెరిచారు. ఆ బొమ్మలతో 1952లో మ్యూజియమే వెలిసింది. బ్రిటన్‌లో 2002 నుంచి స్ట్రీట్‌వైజ్ ఒపేరా అనే సంస్థ ఇల్లు లేనివాళ్లతో కలిసి సంగీత ప్రదర్శనలు చేస్తోంది. కళకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై 3,000కు పైగా అధ్యయనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సమీక్షించి, మేలు ఉందనే చెప్పింది.

ఇక్కడ చేయాలంటే ముందు ఒక అలవాటు మానుకోవాలి. పెద్దవాళ్ల ముందు క్రేయాన్లు పరిచి చప్పట్లు కొట్టడం. షెల్టర్‌లో ఉన్న పాలమూరు పెద్దాయనకు ఒగ్గు కథ తెలిసి ఉండొచ్చు, ఆ మూల కూర్చున్న అమ్మకు మనం ఎన్నడూ వినని బతుకమ్మ పాటలు వచ్చి ఉండొచ్చు. నేర్పడానికి వెళ్లినవాళ్లు ముందు అడిగి వినాలి. చేర్యాల నకాశీ పటాలు పుట్టిందే కథ చెప్పే కులాల కోసం. ఒక్కో కులం తన పుట్టుకను, తన వీరులను పటం మీద చూపిస్తూ ఊరూరా పాడేది. షెల్టర్‌వాళ్లు తాము ఊరు విడిచిన కథను అలాంటి పటం మీదికి ఎక్కిస్తే దాన్ని చూడటానికి నేను మొదటి వరసలో ఉంటాను.

మనుషులకూ కొరత లేదు. మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ విభాగం ఉన్నాయి, ప్రదర్శనకు లామకాన్ లాంటి చోట్లున్నాయి. కొరతల్లా నిలకడకే. ఒక ఆదివారం వచ్చి ఫొటోలు దిగి మాయమైపోయేవాళ్లు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తారు. అసలే అందరూ వదిలేసిన మనిషిని ఇంకోసారి వదిలేయడం అది. వచ్చే కళాకారుడికి జీతం ఇవ్వాలి, కనీసం ఏడాది ఒప్పందం ఉండాలి. బొమ్మ అమ్ముడుపోతే డబ్బు గీసినవాళ్లకే చేరాలి. వాళ్లు వద్దంటే ముఖం చూపించకూడదు, మత్తు కథను పోస్టర్‌కు ఎక్కించకూడదు.

2016లో ఎంఎస్ మక్తాలో బస్తీ ఇళ్ల మీద పెద్ద పెద్ద బొమ్మలు గీశారు. బాగున్నాయి, జనం చూడటానికి వెళ్లారు. ఇప్పుడు ఫ్లైఓవర్ పిల్లర్లకు రంగులు వేసే పని కూడా డబ్బిచ్చి చేయించేదే. ఆ టెండరులోనే ఒక షరతు చేర్చవచ్చు: గీసే బృందంలో కొందరు షెల్టర్లలో ఉంటున్నవాళ్లై ఉండాలి, మిగతావాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలి, పని నేర్చుకునే రోజులకూ కూలి కట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక ఇంజినీరు ఫైలులో ఒక పేరా చాలు.