ముక్కులో కాపురం

పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య ప్రస్తుతం ఒక సరిహద్దు తగాదా నడుస్తోంది. ఒడిశా ప్రభుత్వానికి గానీ ఆంధ్ర ప్రభుత్వానికి గానీ ఇంకా కబురు అందినట్టు లేదు. తగాదాలో ఉన్న స్థలం అరంగుళం కూడా ఉండదు. అది మా మనవడి ముక్కు.

మా కోడలి పుట్టిల్లు పాతపట్నం. రెండో కాన్పు కాబట్టి పురుడు మా పర్లాకిమిడిలోనే పోశాం. ఇరవై ఒకటో రోజున బారసాల జరిగింది, హద్దుకు అటువాళ్లూ ఇటువాళ్లూ కలిసి పిల్లవాడి బుగ్గలు ముద్దులతో తడిపేశారు. వారం తిరక్కుండానే వాడికి ముక్కు కారడం మొదలైంది.

"పర్లాకిమిడి గాలి పడలేదండీ," అంది మా వియ్యపురాలు.

"పాతపట్నం నుంచి దిగినవాళ్లలో ఎవరికో దగ్గుంది. ఈ చెవులతో విన్నాను," అంది మా ఆవిడ.

నౌపడ–గుణుపురం రైల్లో రెండు ఊళ్ల మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను. గాలి ఏ స్తంభం దగ్గర మారుతుందో నాకైతే ఎప్పుడూ తెలియలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఊరు ఒడిశాలోకి వచ్చింది, జమీందారీలో కొంత భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. పొలాలకూ కొండలకూ హద్దులు గీశారే గానీ ముక్కుల సంగతి ఎవరూ తేల్చలేదు. ఆ లోటు పూడ్చడానికి నేను పూనుకున్నాను. ముప్పై ఏళ్లు తహసీలు ఆఫీసులో గుమస్తాగిరీ చేసినవాణ్ణి, ఎవరు ఎక్కడివారో కాగితం మీద తేల్చడం నాకు కొత్త కాదు.

విచారణలో తేలిన మొదటి సంగతి ఏమిటంటే, పుట్టేటప్పుడు పిల్లల ముక్కు దాదాపు బంజరు భూమి. రోజుల్లోనే బాక్టీరియా ఆక్రమణలు మొదలవుతాయి. ముందుగా దిగేవాళ్లలో స్టెఫైలోకాకస్ ఉంటుంది, తరచు తల్లి దగ్గర నుంచే వస్తుంది. తర్వాతి వారాల్లో, నెలల్లో మొరాక్సెల్లా, న్యూమోకాకస్, హీమోఫిలస్ ఒకదాని వెనక ఒకటి గొంతు పైభాగంలో, ముక్కు వెనకాల కాపురం పెడతాయి. మనం పరిచయం లేనివాళ్లను 'ముక్కూ మొహం తెలియనివాళ్లు' అంటుంటాం. వీళ్లకు ముక్కు బాగా తెలుసు.

కాపురం ఉన్నంత మాత్రాన నేరం కాదు. చాలామంది పిల్లల్లో ఇవి ఏ గొడవా చేయకుండా కొన్నాళ్లుండి వెళ్లిపోతాయి. చెవిలోకో ఊపిరితిత్తుల్లోకో నెత్తుర్లోకో జారినప్పుడే కేసు అవుతుంది. ఆ కేసు చిన్నది కాదు.

ఇరుగుపొరుగు మధ్య మాత్రం సఖ్యత లేదు. న్యూమోకాకస్ హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేస్తుంది. పూర్వం కాంపౌండరు పుండు మీద పోస్తే బుసబుసా పొంగేదే, ఆ మందే. ప్రయోగశాలలో దాంతో పక్కింటి హీమోఫిలస్‌ను చంపేస్తుంది. హీమోఫిలస్ ఏమన్నా తక్కువ తిన్నదా? ఎలుకల్లో చూస్తే, అది ఒంట్లోని తెల్లకణాలను రేపి న్యూమోకాకస్ మీదికి పంపిస్తుంది. తన చెయ్యి తడవకుండా ఆకాశరామన్న ఉత్తరం రాసి పక్కవాడి ఇంటికి పోలీసుల్ని పంపే పద్ధతి మా వీధిలోనే పుట్టిందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

హీమోఫిలస్ పేరు వెనక ఒక గుమస్తా పొరపాటు ఉంది. 1892లో ఫైఫర్ అనే జర్మన్ పండితుడు ఫ్లూ రోగుల్లో దాన్ని చూసి ఫ్లూకు ఇదే కారణమన్నాడు, ఇన్‌ఫ్లుయెంజా అన్న మాట దాని పేరుకు అంటుకుంది. అసలు దొంగ వైరస్ అని 1933లో తేలింది. పేరు మాత్రం మారలేదు. మా ఇంటిపేరును ఒడియాలో రాసినప్పుడు రేషన్ కార్డులో ఒక అక్షరం ఎగిరిపోయింది, దాన్ని దిద్దించుకోవడానికి నేనెన్నిసార్లు తిరిగానో నాకు తెలుసు. కాబట్టి ఆ జీవి మీద నాకు జాలి.

ఇక మూలం ఎవరు? ఇక్కడే విచారణ చిక్కుల్లో పడింది. వియ్యపురాలి అనుమానం మా ఆవిడ మీద, మా ఆవిడ అనుమానం వియ్యపురాలి మీద. ఈ బాక్టీరియాను పెద్దవాళ్ల కన్నా చిన్నపిల్లలే ఎక్కువగా మోస్తారనీ, చంటిపిల్లలకు చాలాసార్లు ఇంట్లోని అక్క ద్వారానో అన్న ద్వారానో అందుతుందనీ వైద్యులంటారు. ఇల్లు ఇరుకైనా, పొయ్యి పొగ, బీడీ పొగ ఉన్నా వీటికి ఇంకా సుఖం. మా పెద్ద మనవరాలికి నాలుగేళ్లు, అంగన్‌వాడీకి వెళ్తుంది. నేను చూస్తుండగానే ముంజేత్తో ముక్కు అడ్డంగా తుడుచుకుంది, మెరుస్తున్న ఆ చేత్తోనే తమ్ముడి గడ్డం పట్టుకుని పెదాల మీద చప్పున ముద్దు పెట్టింది. ఆ పిల్ల సగం పర్లాకిమిడి, సగం పాతపట్నం. ఏ పక్షం మీద రాయమంటారు?

ఫైలు అలా పెండింగులో ఉండగా ఇరవై ఎనిమిదో రోజు లెక్క ప్రకారం ఆరోగ్య కార్యకర్త ఆశా దిది వచ్చింది. మా వియ్యపురాలు అప్పటికే అలమారలోంచి ఒక సీసా తీసి ఉంచింది. మనవరాలికి ఎప్పుడో గొంతు నొప్పి వచ్చినప్పుడు తెచ్చిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్, అడుగున అంగుళం మిగిలి గడ్డకట్టింది. దిది దాన్ని పక్కకు జరిపింది. పిల్లవాడి చొక్కా పైకెత్తి, ఫోనులో గడియారం పెట్టుకుని, పొట్ట ఎగసిపడటం లెక్కపెట్టడం మొదలెట్టింది. నిమిషం నిండా ఎవరూ మాట్లాడకూడదంది. మా రెండు కుటుంబాలూ ఒకే గదిలో అరవై సెకన్లు నోరు మూసుకుని కూర్చోవడం పెళ్లినాటి నుంచీ అదే మొదటిసారి.

"నలభై ఎనిమిది. రెండు నెలల్లోపు పిల్లలకు అరవై గానీ అంతకు మించి గానీ ఉంటే భయం. ఛాతీ లోపలికి లాక్కుపోతున్నా, పాలు మానేసినా ఆగకుండా ఆసుపత్రికి రండి," అంది.

పడిశం పది రోగాల పెట్టు అన్న సామెత వట్టిదేం కాదు. పడిశం వైరస్ పని. అది వచ్చినప్పుడు ముక్కులో ఉన్న బాక్టీరియా కూడా పెరిగి, చీమిడితో పాటు ఊరు తిరుగుతుంది. అలాగని ఆ పాత సీసా వైరస్‌ను ఏమీ చేయలేదు. ముక్కులోని సాధువుల్ని ఖాళీ చేయిస్తుంది, మందుకు లొంగని మొండిఘటాలు మిగిలి చోటంతా కలిపేసుకుంటాయి. ఆక్రమణల తొలగింపు పేరుతో పట్టా ఉన్నవాణ్ణి లేపి, మనుషులున్నవాణ్ణి వదిలేసిన సందర్భాలు మా శాఖలోనూ ఉన్నాయనుకోండి. వీధి చివర మందుల షాపతను చీటీ లేకుండానే ఇంకో సీసా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. అతనిది ఏ రాష్ట్రమో నేను అడగలేదు.

న్యూమోకాకస్ అసలు బలం దాని చొక్కాలో ఉంది. చక్కెరతో నేసిన తొడుగు, ఒంట్లోని కాపలావాళ్లకు పట్టు దొరకదు. అలాంటి చొక్కాలు వందకు పైగా రకాలున్నాయి. వాటిలో కొన్నిటిని గుర్తుపట్టడం నేర్పే టీకా 2017 నుంచి కొన్ని రాష్ట్రాల్లో, 2021 నుంచి దేశమంతా ఉచితం: ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలు నిండాక. ఖాళీ అయిన గదిలోకి టీకాలో లేని రకాలు అద్దెకు దిగుతాయన్నదీ నిజమే. టులెట్ బోర్డు ఏ ఊళ్లో ఎక్కువ రోజులుంటుంది?

వీటి జనాభా లెక్కలు తీసేవాళ్లు పిల్లల ముక్కులోంచి సన్నటి పుల్లతో నమూనా తీసి, వెన్న తీసిన పాలపొడి, గ్లూకోజు, గ్లిసరిన్ కలిపిన ద్రవంలో వేసి, గడ్డకట్టే చలిలో దాస్తారట. బారసాల నాడు పాతపట్నం వారికి మా ఇంట్లో అంతకన్నా మంచి మర్యాద జరిగిందని చెప్పలేను. పాయసంలో పంచదార తక్కువైందని ఇప్పటికీ అంటున్నారు.

ఇంకో కాగితం కూడా నా కంటపడింది. 1881లో ఇద్దరు విడివిడిగా న్యూమోకాకస్ గురించి లోకానికి చెప్పారు. ఫ్రాన్సులో పాశ్చర్‌కు అది రేబిస్‌తో చనిపోయిన ఒక పిల్లవాడి ఉమ్మిలో దొరికింది. అమెరికా సైనిక వైద్యుడు స్టెర్న్‌బర్గ్‌కు మాత్రం తన ఉమ్మిలోనే దొరికింది. అది చదివాక ఫైలు మూసేసి, కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నలభై రెండో రోజున టీకాకు బయల్దేరాం. పడిశం తగ్గింది. పిల్లవాడు వియ్యపురాలి భుజం మీద, కార్డు మా ఆవిడ చేతిలో. సరిగ్గా గుమ్మం దాటబోతుంటే నాకు తుమ్ము వచ్చింది. ఒక్కటే.

"అయ్యో, ఒంటి తుమ్ము!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఇంకోటి తుమ్మండి అన్నయ్యగారూ, రెండైతే దోషం లేదు," అంది వియ్యపురాలు. రాదే! సరే, పది నిమిషాలు కూర్చుని వెళ్దామని నన్ను కుర్చీలో కూలేసి, పిల్లవాణ్ణి నా ఒళ్లో పెట్టారు. వాడు నోరు తెరుచుకుని నా మొహంలోకే చూస్తున్నాడు. రెండోది అప్పుడు వచ్చింది.

"హమ్మయ్య, పదండి," అన్నారు ఇరుపక్షాలవారూ.