షష్టిపూర్తి గారికి ఒక విన్నపం

రాజమండ్రి,
విశ్వావసు నామ సంవత్సరం, మాఘ మాసం.

మహారాజశ్రీ షష్టిపూర్తి గారి దివ్య సముఖమునకు,

ఒక బడిపంతులు గారి కూతురు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మొన్న డిసెంబరులో, మా నాన్నగారికి అరవై నిండాయని, తమరు మా ఇంటికి వేంచేసి, రెండు రోజులు మకాం వేసి, మా అన్నయ్య క్రెడిట్ కార్డుని, మా అమ్మ నడుముని ఒకేసారి పరీక్షించి వెళ్లారు. షామియానా వాడి బాకీ తీరేసరికి సంక్రాంతి వచ్చేసింది. అందుకే ఉత్తరం ఆలస్యమైంది, మన్నించాలి.

ముందుగా ఒక మాట. మీ మీద నాకు గౌరవం లేక కాదు. బృహస్పతి ఒక చుట్టు తిరిగి రావడానికి సుమారు పన్నెండేళ్లు, శనికి సుమారు ముప్పై ఏళ్లు. మనిషి పుట్టినప్పుడు ఆ ఇద్దరూ ఎక్కడున్నారో, అరవై ఏళ్లకి ఇంచుమించు మళ్లీ అక్కడికే చేరతారు. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లూ తిరిగి, పుట్టిన ఏడాది పేరే మళ్లీ పంచాంగం అట్ట మీదికి వస్తుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. ఆ రోజుల్లో తాను పుట్టిన సంవత్సరం పేరుని రెండోసారి విన్నవాడు నిజంగా యముడికి టోపీ పెట్టినవాడే. వాడికి ఉగ్రరథ శాంతి చేసినా, మృత్యుంజయ హోమం చేసినా, ఊరంతా వచ్చి అక్షింతలు వేసినా న్యాయమే. ఇప్పుడు సగటే 70 దాకా వచ్చింది. ఈనాటి అరవై ఏళ్ల మనిషి యముడి పేరు చెబితే ఉలకడు, మోకాళ్ల డాక్టరు పేరు చెబితే ఉలిక్కిపడతాడు.

కాలాన్ని బట్టి అందరూ జరిగారండీ. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం రిటైర్మెంటు వయసుని 58 నుంచి 55కి దించితే ఉద్యోగులు గగ్గోలు పెట్టారు. తర్వాత అది మళ్లీ 58కి ఎక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60 అయింది, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. రైల్వే వాళ్లయితే అరవై దాటిన మగవాళ్లకి ఇచ్చే 40 శాతం రాయితీని 2020 మార్చిలో ఆపి, మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. ఇంక అరవై నిండిన మనిషికి మిగిలినవి రెండే: బ్యాంకు డిపాజిట్ మీద ఓ అర శాతం ఎక్కువ వడ్డీ, తమరు.

ఫలితం ఏమిటంటే, ఆదివారం నాడు నాన్నగారిని 'జీవితంలో అన్ని బాధ్యతలూ తీర్చుకున్న మహనీయుడు' అని మైకులో అనిపించిన మీరే, సోమవారం పొద్దున్న ఆయన్ని కారియర్ పట్టుకుని బడికి పంపారు. ఆదివారం ఆయన నేతి గిన్నెలో ముఖం చూసుకుని దానం ఇచ్చారు. సోమవారం అదే ముఖం ఫోనులో చూపించి హాజరు వేశారు. ఆదివారమే నయం, నెట్‌వర్క్ అక్కర్లేదు.

ముహూర్తం సంగతి అడగాలని ఉంది. నాన్నగారు పుట్టింది ఆశ్వయుజంలో. సర్టిఫికెట్లో జులై 1, అదీ ఏడాది ముందుకి జరిపి. ఆ కాలంలో బడిలో వేసుకున్న పిల్లలందరికీ హెడ్మాస్టర్లు జులై 1నో, జూన్ 1నో దయచేసేవారు కదా. పంచాంగం ఒకటి చెబుతుంది, గవర్నమెంటు ఇంకోటి చెబుతుంది. తీరా తమరు వచ్చింది ఆ రెండు తేదీల్లోనూ కాదు, డిసెంబరు నెలాఖరులో. ఎందుకంటే అన్నయ్యకి డల్లాస్ నుంచి రావడానికి సెలవు దొరికింది అప్పుడే. పుష్యమాసం కదండీ అని పంతులుగారి దగ్గర నసిగితే, "శాంతి కర్మకి దోషం లేదమ్మా" అని ఒక్క మాటలో తేల్చేశారు. పంచాంగకర్తలకి నాదొక చిన్న సలహా. రాజపూజ్య అవమానాల పక్కన అమెరికా ఆఫీసు సెలవుల పట్టిక కూడా అచ్చు వేయిస్తే మధ్యలో ఈ నసుగుడు తప్పుతుంది.

అసలు నాన్నగారికి ఏం కావాలో ఎవరైనా అడిగారా అంటే, అడగకుండానే ఆయన ఓసారి చెప్పారు. తమిళనాడులో మైలాడుదురై దగ్గర తిరుక్కడైయూరు మీకు హెడ్డాఫీసు లాంటిది కదా. అమృతఘటేశ్వరుడి గుడి, మార్కండేయుడి కోసం శివుడు యముణ్ని తన్నిన చోటు. అక్కడ జంట వెనక జంట కూర్చుంటూనే ఉంటారు. "మీ అమ్మా నేనూ రైలెక్కి వెళ్లి, దండం పెట్టుకుని వచ్చేస్తాం" అన్నారు. పదహారేళ్ల కుర్రాడు బతికి బయటపడ్డ గుడికి అరవై ఏళ్లవాళ్లు క్యూ కట్టడం నాకు కాస్త చిత్రంగానే అనిపిస్తుంది గానీ, ఖర్చు తక్కువ, గొడవ తక్కువ. 'నాన్న 60' అనే వాట్సాప్ గ్రూపులో ఈ ప్రతిపాదన పెడితే చిత్తుగా ఓడిపోయింది. ఆ గ్రూపులో నాన్నగారు లేరు. సర్‌ప్రైజ్ కదా.

ఈవెంట్ మేనేజర్ గారు దిగాక మాకు మరి నోరు లేదు. పెళ్లికి ముందు ఫొటో షూట్ ఉన్నట్టే షష్టిపూర్తికి ముందూ ఉండాలట. తెల్లవారుజామున పుష్కర ఘాట్ మెట్ల మీద నాన్నగారిని, అమ్మని నిలబెట్టారు. పైన డ్రోన్ ఈగలా మోగుతోంది. "సార్, మేడమ్ కళ్లల్లోకి చూడండి, చూస్తూ నెమ్మదిగా దిగండి" అన్నాడు కెమెరా అబ్బాయి. మోకాళ్ల నొప్పి మనిషికి చూస్తూ దిగడమంటే మాటలా? పైగా ఇన్నేళ్ల కాపురంలో నాన్నగారు అమ్మని పేరు పెట్టి పిలవగా మేం వినలేదు, 'ఇదిగో' అనడం తప్ప. పాపం ప్రయత్నించారు. అమ్మ కళ్లల్లోకి తేరిపార చూసి, "చుక్కల మందు వేసుకున్నావా?" అన్నారు. ఆ వీడియోలో ఆ ముక్క తీసేసి వయొలిన్ పెట్టారు. నాకు తెలిసి ఆ రెండు రోజుల్లోనూ జరిగిన ఒకే ఒక్క ప్రేమ సంభాషణ అదే.

ఫంక్షన్ హాలు ముఖద్వారం దగ్గర ఫ్లెక్సీ. అందులో నాన్నగారి ఫొటో కంటే దాన్ని వేయించిన మా మేనమామ ఫొటో రెండంగుళాలు పెద్దది. శుభలేఖలో 'మీ ఆశీస్సులే మాకు కానుకలు' అని వేశాం గనక అందరూ శాలువాలు తెచ్చారు. ఆ శాలువాల్లో కొన్నిటిని మేమే ఇతరులకి కప్పి ఉన్నాం, గుర్తుపట్టాను. దశదానాల్లో గోవు వంతు వచ్చేసరికి కొబ్బరికాయ ఆవు అయింది, భూమి వంతుకి గంధం ముద్ద భూమి అయింది. కేటరింగ్ వాడి వంతుకి మాత్రం కొబ్బరికాయ చెల్లలేదు. పొద్దున్న దీపం కొండెక్కకుండా చేతులడ్డం పెట్టినవాళ్లే సాయంత్రం ఆరు, సున్నా ఆకారంలో ఉన్న కొవ్వొత్తుల్ని ఊదమని చప్పట్లు కొట్టారు. షుగర్ ఉన్న మనిషి నోట్లో తలా ఒక కేకు ముక్క. "ఒక్క రోజుకేం కాదు మావయ్యా!" ఆ ఒక్క రోజు తిన్నది దిగడానికి వారం పట్టింది. యాంకరమ్మాయి మైకు పెట్టి, "అంకుల్, ఆంటీకి ఒక్కసారి ఐ లవ్ యూ చెప్పండి" అంటే, నాన్నగారు మైకు అందుకుని "భోజనాలు మొదలెట్టారా?" అన్నారు. హాలంతా ఈలలు.

ఇవన్నీ నేను క్షమించేశానండీ. నలుగురూ కలిశారు. పొలం గట్టు దగ్గర మాట పట్టింపొచ్చి చాన్నాళ్లుగా మాట్లాడుకోని పెదనాన్న, నాన్నగారు పక్కపక్కన కూర్చుని ఒకే పనసపొట్టు కూరకి వంక పెట్టారు. అది మీ చలవే.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది.

ఆ రోజు పీటల మీద ఇద్దరు కూర్చున్నారు. మూడింటికే లేచింది అమ్మ. హోమం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. కలశాల నీళ్లు బంధువులంతా వరసగా నెత్తిన పోశారు, ఆయన అరవై ఏళ్ల నీళ్లలో సగం ఆవిడ నెత్తిన కూడా పడ్డాయి. పుష్యమాసం చలి. జలుబు మాత్రం పూర్తిగా ఆవిడకే వచ్చింది. మళ్లీ తాళి కట్టించారు, తలంబ్రాలు పోయించారు, 'కొత్త పెళ్లికూతురు' అని యాంకరమ్మాయి కేక పెట్టింది. కాళ్లకి దండం పెట్టించుకుని పెద్దవాళ్లంతా "దీర్ఘ సుమంగళీ భవ" అన్నారు. అంటే ఆయన నిండు నూరేళ్లు ఉండాలని. ఆ పూట అమ్మకి వచ్చిన ఆశీర్వాదం కూడా ఆయన ఖాతాలోనే జమ అయింది.

వచ్చిన అంతమందిలో ఒక్కరైనా "వదినా, నీకెన్నేళ్లు?" అని అడగలేదు. నేను చెబుతాను. అమ్మకి 56. తేదీ ఎవరికీ తెలీదు. అట్లతద్ది వెళ్లాక, 69 తుఫానుకి ముందు పుట్టిందట. అమ్మమ్మ చెప్పిన ఆనవాలు అంతే. 1969 నవంబరులో కాకినాడ వైపు తుఫాను కొట్టిన సంగతి మా జిల్లాలో అందరికీ తెలుసు, దానికి తేదీ ఉంది, గంట కూడా ఉంది. ఆధార్ కార్డులో మాత్రం అమ్మకి జనవరి 1. అమ్మ పుట్టింది సౌమ్య నామ సంవత్సరం. మీ లెక్క ప్రకారమే బృహస్పతి, శని, సౌమ్య అన్నీ 2029లో అమ్మ కోసం వెనక్కి వస్తాయి. గ్రహాలకి ఆడా మగా తేడా లేనట్టుంది. మరి తమరు వస్తారా?

మా వైపు మీ రివాజు నాకు తెలుసు. ఆయనకి అరవై నిండితే ఇద్దరికీ పండగ, ఆవిడకి అరవై నిండితే ఆవిడకి కూడా గుర్తుండదు. డెబ్బైకి భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూశాక ఎనభై దాటి సహస్ర చంద్ర దర్శనం, అవీ ఆయన జాతకం చూసుకునే వస్తాయి. వెన్నెల మాత్రం ఇద్దరి మీదా పడినట్టే ఉంటుంది మరి.

మా పెద్దత్తయ్య సంగతి చెప్పి ముగిస్తాను. మావయ్యగారు యాభై ఎనిమిదికే పోయారు. కాబట్టి మీరు వాళ్లింటి గడప తొక్కలేదు. ఆవిడకి అరవై ఎప్పుడు నిండాయో మాకెవరికీ తెలీదు. అరిసెల పాకం దగ్గర నుంచి కొబ్బరాకుల తోరణం దాకా మా ఫంక్షన్ పనంతా ఆవిడ చేతి మీదుగా జరిగింది. కలశం నీళ్లు పోయడానికి 'అందరూ రండి' అని పిలిచినప్పుడు ఆవిడ స్తంభం పక్కనే నిలబడిపోయింది. పిలవకూడదని ఎవరూ అనలేదు. ఎవరూ పిలవలేదు. డ్రోన్ ఆ మూలకి వెళ్లలేదు.

కనుక విన్నపం ఏమనగా, 2029 అట్లతద్ది వెళ్లిన వారంలో తమరు ఏదో ఒక రోజు మా ఇంటికి రావాలి. అన్నయ్యకి సెలవు దొరక్కపోయినా రావాలి. డ్రోను, ఫ్లెక్సీ, కేకు వద్దు. తాళి వద్దు, ఉన్న రెండూ గట్టిగానే ఉన్నాయి. వంట నేను చేస్తాను. అమ్మ కూర్చోవాలి. మొదటి చెంబు నీళ్లు పెద్దత్తయ్య పోస్తుంది, వేణ్నీళ్లు. శాస్త్రం ఒప్పుకోదంటే ఆ శ్లోకం ఏదో రాసి పంపండి, పంతులుగారికి చూపిస్తాను. పుష్యమాసానికి దారి చూపించినాయన దీనికీ చూపించకపోరు.

ఇట్లు,
తమ విధేయురాలు,
'నాన్న 60' గ్రూపులో పనులన్నీ పంచేసిన తర్వాత మిగిలిన సభ్యురాలు.

తా.క.: వచ్చే మాఘంలో మా బాబాయ్ వంతు. ఆయన పుట్టింది పరాభవ నామ సంవత్సరం. ఆ పేరు శుభలేఖ మీద వేయాలా వద్దా అని ఇంట్లో ఇప్పటికే రెండు పార్టీలు అయ్యాయి. ఈవెంట్ మేనేజర్ గారు పంపిన ఫారంలో బాబాయ్ పేరు, పుట్టిన తేదీ, నక్షత్రం, ఇష్టమైన హీరో, ఇష్టమైన పాట, షుగర్ ఉందా లేదా అని గళ్లున్నాయి. పిన్నికి ఒక్కటే గడి ఉంది: జాకెట్టు సైజు.