డోలు కొట్టేది ఎవరన్నదే ప్రశ్న

ఆఫ్రికాలో ఆరోగ్య ప్రచారం అనగానే డోళ్ల చప్పుడు, నృత్యం, వెనకాల ఒక బ్యానరు గుర్తుకొస్తాయి. ముందు ఆటతో జనాన్ని పోగుచేసి, ఆపైన సందేశం వినిపించడం చాలా సంస్థలకు అలవాటు. ఎయిడ్స్ కాలపు ఉగాండాను గమనిస్తే సంప్రదాయ కళ ఇంతకంటే పెద్ద పనే చేయగలదని తెలుస్తుంది.

1980ల ఆరంభంలో విక్టోరియా సరస్సు ఒడ్డున, రకాయి ప్రాంతపు జాలరి పల్లెల్లో మనుషులు చిక్కి శల్యమై చనిపోతుంటే చాలామంది చేతబడి అనుకున్నారు. 1986లో అధికారంలోకి వచ్చిన అధ్యక్షుడు ముసెవెనీ ప్రభుత్వం జబ్బును దాచిపెట్టలేదు; గుంజకు కట్టిన పశువు తాడు అందినంత మేరే మేసినట్టు, ఎవరి భాగస్వామితో వారు ఉండాలని రైతులకు తెలిసిన మాటల్లోనే చెప్పింది. అయితే వెలివేస్తారన్న భయం సర్కారు నినాదాలతో పోయేది కాదు. ఎయిడ్స్‌తో భర్తను పోగొట్టుకున్న నోరీన్ కలీబా 1987లో మరికొందరితో కలిసి ఎయిడ్స్ బాధితులకు అండగా స్థాపించిన 'టాసో' సంస్థ ఆటపాటల బృందాల్లో వైరస్ సోకినవారే సభ్యులు. బుగాండా ప్రాంతపు బకిసింబా నృత్యంలో నడుముకు బొచ్చుతోలు కట్టుకుని, మోకాళ్లు కాస్త వంచి, డోలు దరువుకు నడుము తిప్పుతూ ఆడతారు. పెళ్లిళ్లలో అందరూ ఎరిగిన అటువంటి దరువు మీద తమలాంటి మనిషే నిలబడి తనకు జబ్బు ఉందని పాడినప్పుడు, డాక్టరు ఉపన్యాసంతో కదలని జనం కూడా నోరు విప్పి ప్రశ్నలు అడుగుతారు.

1990ల తొలినాళ్లలో పెద్దవారిలో సుమారు 15 శాతంగా ఉన్న హెచ్‌ఐవీ వ్యాప్తి పదేళ్లలో 6 శాతం దరిదాపులకు దిగింది. దీని ఘనతంతా ఆటపాటలకే కట్టబెట్టలేం. ఆ తగ్గుదలలో వైరస్ సోకినవారి మరణాల వాటా కూడా ఉంది. పైగా పాట విన్నవాడు పరీక్షకు వెళ్లాలంటే ముందు పరీక్ష కేంద్రమంటూ ఉండాలి కదా! కంపాలాలో అలాంటి స్వచ్ఛంద పరీక్షా కేంద్రం 1990లో మొదలైంది.

అదే సంప్రదాయం పెద్దల చేతిలో ఆయుధమైతే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ చూపుతుంది. అక్కడ పెళ్లికాని అమ్మాయిలు రెల్లు కాడలు పట్టుకుని ఏటా చేసే రెల్లు నృత్యంలో పాల్గొనేవారికి కన్యత్వ పరీక్షలు చేసి, హెచ్‌ఐవీని అరికట్టే మార్గం ఇదేనని సమర్థించుకున్నారు. 16 ఏళ్ల లోపు బాలికలకు ఈ పరీక్షను 2005 నాటి బాలల చట్టం నిషేధించింది. కన్యలకే ఉపకార వేతనమన్న ఒక జిల్లా పాలక సంస్థ పథకం రాజ్యాంగ విరుద్ధమని లింగ సమానత్వ కమిషన్ 2016లో తేల్చింది. నా దృష్టిలో ఇది ఆరోగ్య కార్యక్రమమే కాదు. వైరస్ అంటించే మగవాడిని వదిలేసి భారమంతా ఆడపిల్ల మీద మోపడమే.

కుటుంబ నియంత్రణకు బుర్రకథను వాడుకున్న మనకూ ఇందులో ఆలోచించాల్సింది ఉంది. నిధులిచ్చేవారు ప్రదర్శనకు ఎంతమంది వచ్చారన్న లెక్కతో ఆగిపోతున్నారు. పాట ఎవరు కట్టారు, ఆట ముగిశాక నర్సు అక్కడ ఎంతసేపు ఉంది, మరుసటి వారం పరీక్షకు ఎందరు వెళ్లారు అన్నవి కూడా వారి నివేదికల్లో కనిపించాలి.